నలభై ఏడో పరీక్ష దగ్గర తెగిన మాట

"రెండు గంటల ఇరవై నిమిషాలు," అన్నాడు సెక్యూరిటీ చీఫ్, మీసం సవరించుకుంటూ. "పన్నెండింటికి పోలీసులు వస్తారు. ఈ అమ్మాయి వాళ్ళతో వెళ్తుంది. మీరు మీ ఇంటికి వెళ్తారు. ఈలోపు మీరు చేయగలిగింది చేసుకోండి మేడమ్."

గోడ గడియారం తొమ్మిదీ నలభై చూపిస్తోంది.

ప్రూఫు మేడమ్ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, బల్ల మీద పరిచిన ఆరు కాగితాలను చదువుతోంది. పద్దెనిమిదేళ్ళు అచ్చాఫీసులో తప్పులు దిద్దిన మనిషి. ఆ పేరు అక్కడ వచ్చింది. నేరాల పరిశోధనలోకి దిగాక ఇంకా బాగా అతికింది. అందరూ ఒకసారి చదివే కాగితాన్ని ఆమె మూడుసార్లు చదువుతుంది. మూడోసారి అర్థం కోసం కాదు, అక్షరాల కోసం.

పరీక్షల రికార్డున్న ఆ ఆరు కాగితాలే టెస్టర్ మెడకు చుట్టుకున్న ఉరితాడు.

అది లిఫ్టులు తయారుచేసే కంపెనీ. కొత్త లిఫ్ట్ ఏదైనా బయటికి వెళ్ళే ముందు ఆ ఎత్తైన టవర్లో యాభై అయిదు పరీక్షలు నెగ్గాలి. మనిషి చెయ్యి పడకుండా ఆ పరీక్షలన్నీ వరసగా నడిపించే టెస్ట్ స్క్రిప్టును రాసింది ఈ టెస్టర్ అమ్మాయే. ఒక్కో పరీక్షకు ఒక నిమిషం. చివరిది అయ్యాక స్క్రిప్టే లిఫ్టును కదలకుండా లాక్ చేస్తుంది. ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. అప్పుడే మెకానిక్ కింద గుంతలోకి దిగాలి.

మూడు రోజుల క్రితం మెకానిక్ దిగాడు. పదకొండూ ఆరుకి లిఫ్ట్ అతని మీదికి వచ్చింది. పక్కకి దొర్లబట్టి ప్రాణం దక్కింది. కాలు నుజ్జయింది. ఇంకా స్పృహ రాలేదు.

"ఆకుపచ్చ దీపం వెలిగాకే దిగమన్నాను," అంటుంది టెస్టర్. రికార్డు మాత్రం వేరే చెబుతోంది. యాభై అయిదు పరీక్షల్లో నలభై ఏడోది నడుస్తుండగానే ఆగిపోయింది. మిగతా ఎనిమిదీ లేవు. "లిఫ్ట్ లాక్ అయింది" అన్న లైను అసలే లేదు.

"స్క్రిప్టు మధ్యలో ఇరుక్కుపోయింది," అన్నాడు చీఫ్. "తను రాసిన ప్రోగ్రాం కదా, పరువు పోతుందని దాచింది. అంతా అయిపోయిందని అబద్ధం చెప్పి మనిషిని లోపలికి పంపింది. తర్వాత దానంతట అదే కదిలింది. అంతే కథ."

"అంతే కథ అంట!" గోడ పక్క కుర్చీలోంచి ఒక ముసలావిడ లేచింది. టెస్టర్ అత్తగారు. ప్రూఫు మేడమ్‌ని ఈ కేసులోకి లాక్కొచ్చింది ఆవిడే. "ఏం బాబూ, మా కోడలు పొద్దున ఇంటికి తాళం వేసి మెట్లు దిగి, వేశానో లేదో అని మళ్ళీ ఎక్కి చూసే రకం. దాంతో బయటికెళ్ళాలంటే నాకు ప్రాణం విసిగిపోతుంది. అలాంటిది, మనిషి లోపలుండగా లిఫ్ట్ వదులుతుందా?"

"అత్తయ్యా, కూర్చోండి," అంది టెస్టర్ నీరసంగా. మూడు రోజులుగా నిద్ర లేని ముఖం.

ప్రూఫు మేడమ్ తలెత్తింది. "మేనేజరుగారూ, ఈ గది మీదే కదా?"

కిటికీ దగ్గర నిలబడ్డ మేనేజర్ చిరునవ్వు నవ్వాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా. "నాదేనండి."

"ఈ స్క్రీనూ మీదే. పరీక్షల లైన్లన్నీ ఇక్కడికే వస్తాయి?"

"పోయిన నెల నుంచి. అంతకుముందు కింద టెస్టర్ బల్ల మీద స్క్రీన్లోనే పడేవి. రికార్డు నా కళ్ళ ముందుండాలని, మోటారు గదిలో కంప్యూటర్ నుంచి నా గదికి వైరు లాగించాను. వచ్చిన లైన్ వచ్చినట్టు, టైముతో సహా రికార్డవుతుంది."

"ఆ రోజు మీరెక్కడున్నారు?"

"ఇదే కుర్చీలో. పదింటికి పరీక్ష మొదలైంది. కేకలు వినబడేదాకా కదల్లేదు."

"స్క్రీన్ చూస్తూనే ఉన్నారా?"

"అది నా డ్యూటీ కదండీ." మేనేజర్ డైరీ తెరిచి ఆమె ముందు పెట్టాడు. "పది నిమిషాలకోసారి రాసుకున్నాను కూడా. పదీ ముప్ఫైకి ముప్ఫయ్యో పరీక్ష అయింది. పదీ నలభైకి నలభయ్యోది. పదీ నలభై ఆరుకి నలభై ఏడోది మొదలై, ఆగిపోయింది."

"ఒక్కో లైనూ వస్తుంటే చూశారు?"

"ఒక్కొక్కటీ."

"నిమిషానికో పరీక్ష చొప్పున?"

"అలాగే వచ్చాయి."

"ఆగిపోయినప్పుడు కిందికి ఫోన్ చేయలేదే?"

"టెస్టర్ చూసుకుంటుందిలే అనుకున్నాను." నిట్టూర్చాడు. "అదే నా తప్పు."

"ఈ డైరీ పేజీ మీద ఇవాళ్టి తేదీ వేసి ఒక సంతకం పెట్టండి."

పెట్టాడు. చీఫ్ దాన్ని అందుకుని తన ఫైల్లో దాచబోయాడు. ప్రూఫు మేడమ్ దాన్ని మెల్లిగా లాక్కుని బల్ల మధ్యలో, అందరికీ కనబడేలా పెట్టింది.

"అమ్మాయ్, ఇలా రా," అంది. "రికార్డులో ఆఖరి లైన్ చదువు."

టెస్టర్ వంగి చదివింది. "నలభై ఏడో పరీక్ష. తలుపు మూ..." ఆగింది.

"మూ?"

"మూసుకుంది అని రావాలండి."

"రావాలి కదా. ప్రోగ్రాం ఇరుక్కుపోతే ఒక లైనుకీ ఇంకో లైనుకీ మధ్య ఇరుక్కుంటుంది. మాట మధ్యలో ఊపిరాగడానికి అదేమన్నా మనిషా?" ఎర్ర పెన్సిల్‌తో ఆ సగం మాట కింద గీత గీసింది. "ఇంకోటి. టైములు చూడండి. మొదటి పదకొండు పరీక్షలకీ ఒకే టైము, పదీ పదకొండు. తర్వాతి పన్నెండింటికీ పదీ ఇరవై మూడు. ఆ తర్వాత పదీ ముప్ఫై అయిదు. చివరి గుంపంతా పదీ నలభై ఆరు. యాభై మంది ఉద్యోగులు ఈ కాగితాలు చూసి ఉంటారు. టైము గడి ఎవరూ చదవలేదు."

"గడియారం పాడై ఉంటుంది," అన్నాడు చీఫ్.

"అయితే చూద్దాం. పది కావస్తోంది. ఆ రోజు నడిచిన స్క్రిప్టే, ఆ రోజు నడిచిన లిఫ్టే. గుంత ఖాళీ, తలుపుకి తాళం. మళ్ళీ నడిపించండి."

"ఎందుకండీ ఈ తంతు?" అన్నాడు మేనేజర్. ఈసారి నవ్వలేదు.

"పన్నెండు దాకా టైమిచ్చారుగా చీఫ్‌గారు. మాట మీద నిలబడే మనిషేనా, కాదా?"

మీసం మెలిపడింది. "నడిపించండి!" అన్నాడు చీఫ్.

సరిగ్గా పదింటికి టెస్టర్ కింద బటన్ నొక్కి పరుగున పైకి వచ్చింది. గది అద్దాల కిటికీలోంచి టవర్ మొత్తం కనబడుతుంది. లిఫ్ట్ కదిలింది. ఎక్కింది, ఆగింది, తలుపు తెరిచింది, మూసింది.

స్క్రీన్ మీద ఏమీ రాలేదు.

పదీ రెండు. పదీ అయిదు. లిఫ్ట్ తన పని తాను చేసుకుపోతోంది. స్క్రీన్ నల్లగా ఉంది. చీఫ్ పెద్దగా నవ్వాడు. "మీ ప్రయోగం మొదలే కాలేదు మేడమ్! వైరు ఊడిపోయినట్టుంది."

"కూర్చోండి," అంది ఆమె.

పదీ పదకొండు దాటుతుండగా స్క్రీన్ ఒక్కసారిగా నిండిపోయింది. పదకొండు పరీక్షల లైన్లన్నీ, పన్నెండోదాన్లో సగంతో సహా, రెప్పపాటులో వచ్చిపడ్డాయి. అన్నిటి పక్కనా ఒకటే టైము.

టెస్టర్ నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుంది. "బఫర్! అయ్యో, బఫర్!"

"అంటే ఏంటే?" అంది అత్తగారు.

"ప్రోగ్రాం నేరుగా స్క్రీన్ మీద రాస్తే లైనుకి లైన్ పడుతుంది అత్తయ్యా. అదే వైరులోకి పంపితే అలా పంపదు. తన దగ్గరే పోగేసుకుంటుంది. నాలుగు వేల తొంభై ఆరు అక్షరాలు నిండితేనే ఒక్కసారి వదులుతుంది. మాట మధ్యలో నిండినా సరే, అక్కడికి కోసి పంపేస్తుంది. మిగతాది వచ్చే విడతలో." ఆమె నుదురు కొట్టుకుంది. "నా బల్ల మీద స్క్రీన్ ఉన్నప్పుడు ఈ గొడవే లేదు. వైరు లాగినప్పుడు నేనే ఆలోచించాల్సింది. వచ్చింది వచ్చినట్టు పంపెయ్యమని స్క్రిప్టులో ఒక్క మాట రాస్తే సరిపోయేది."

"మామూలు రోజుల్లో ఎందుకు తెలియలేదు?" ప్రూఫు మేడమ్ అడిగింది.

"స్క్రిప్టు సవ్యంగా ముగిస్తే చివర్లో మిగిలిందంతా తనే వదిలేస్తుంది. రికార్డు నిండుగా కనబడుతుంది."

"సవ్యంగా ముగియకపోతే? ఎవరైనా దాని పీక నొక్కేస్తే?"

టెస్టర్ కళ్ళు పెద్దవయ్యాయి. "పోగేసుకున్నదంతా దాంతోపాటే పోతుంది."

మేనేజర్ జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"చీఫ్‌గారూ," ప్రూఫు మేడమ్ లేచింది, "మోటారు గది చూపిస్తారా? మీరు ఒక్కరే రండి. మేనేజరుగారు ఇక్కడే అమ్మగారికి తోడుంటారు."

"నేనెక్కడికీ పోనివ్వను లెండి," అంది అత్తగారు, కుర్చీ తలుపు వారగా జరుపుకుంటూ.

టవర్ నెత్తిన మోటారు గది. నాలుగు వరసల మెట్లెక్కేసరికి చీఫ్ ఆయాసపడుతున్నాడు. లోపల మోటారు హోరు. మూల ఇనుప అరలో స్క్రిప్టు నడిచే కంప్యూటర్. ప్రూఫు మేడమ్ దాన్ని ముట్టుకోలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, గోడకున్న ప్లగ్గును రెండు నిమిషాలు చూసింది.

ప్లగ్గు మీద చిరిగిన కాగితపు ముక్క. 'తీయ' అని ఉంది. దాని పక్కనున్న ఖాళీ సాకెట్టు మీద ఇంకో ముక్క. 'కూడదు' అని ఉంది.

"ఎవరో తీశారు. హడావిడిలో పక్క సాకెట్టులో పెట్టారు," అంది.

"ఎప్పుడో, ఎవరో తీసి ఉండొచ్చు."

"ఈ రాత ఆ అమ్మాయిది. పరీక్షకు ముందు రోజు సాయంత్రం అంటించానని చెప్పింది. మీరే రాసుకున్నారు, మీ రిపోర్టు రెండో పేజీలో ఉంది." ఆమె లేచి గోడకున్న ఎర్ర పెట్టె ముందు నిలబడింది. "ఇదేంటి?"

"చేత్తో లిఫ్ట్ నడపడానికి. తాళంచెవి తిప్పితేనే పనిచేస్తుంది. అది కూడా కంప్యూటర్ లాక్ లేనప్పుడే."

"కంప్యూటర్ ప్లగ్గు పీకేస్తే లాక్ ఉండదు కదా?"

పోలీసు ఉద్యోగంలో పాతికేళ్ళు గడిపిన చీఫ్ బుర్ర మెల్లిగా కదిలింది. "ఉండదు," అన్నాడు.

"తాళంచెవులు ఎన్ని?"

"రెండు. ఒకటి మెకానిక్ నడుముకి ఉంటుంది. ఆసుపత్రి వాళ్ళు నాకప్పజెప్పారు. రెండోది..." ఆగిపోయాడు.

"రెండోది?"

"మేనేజర్ సొరుగులో."

"ఆ రోజు పదకొండూ నాలుగుకి ఆ అమ్మాయి గ్రీజు డబ్బా తీసుకుని స్టోరు పుస్తకంలో సంతకం పెట్టింది. స్టోరు నుంచి ఇక్కడికి రెండు నిమిషాల్లో ఎక్కగలదా? ఇప్పుడే ఎక్కారుగా, మీరే చెప్పండి."

చీఫ్ ఆయాసం ఇంకా తగ్గలేదు. అదే జవాబు. అయినా తగ్గలేదు మనిషి. "మీరు ఊహల మీద కోటలు కడుతున్నారు. స్క్రిప్టు నలభై ఏడు దగ్గర ఆగలేదని రుజువేది? ఆయన డైరీ ఉంది. చూసిన సాక్షి!"

"అక్కడికే వెళ్దాం పదండి. పదీ నలభైకి మనం ఆ స్క్రీన్ ముందుండాలి."

వాళ్ళు గదిలోకి వచ్చేసరికి పదీ ముప్ఫై తొమ్మిది. అందరూ గడియారం చూశారు. ముల్లు పదీ నలభై మీదికి వచ్చింది.

"చీఫ్‌గారూ, మీ కళ్ళు మంచివి. స్క్రీన్ మీద ఆఖరి లైన్ చదవండి."

చీఫ్ ముందుకు వంగాడు. "ముప్ఫై ఆరో పరీక్ష. లిఫ్ట్ ఎక్కిం..."

"ఇప్పుడు మేనేజరుగారి డైరీ చదవండి. పదీ నలభైకి ఏం చూశారట?"

చీఫ్ డైరీ అందుకున్నాడు. "నలభయ్యో పరీక్ష అయింది," అని చదివాడు.

"ఆ రోజు రికార్డులో నలభయ్యో పరీక్ష పక్కన టైమెంత?"

"పదీ నలభై ఆరు."

"అంటే ఆరు నిమిషాల తర్వాత స్క్రీన్ మీదికి రాబోయేదాన్ని ఈయన ముందే చూసేశారు." ఆమె మేనేజర్ వైపు తిరిగింది. "నిజంగా ఈ కుర్చీలో కూర్చుని ఉంటే మీకు తెలిసేది ఒక్కటే. స్క్రీన్ పదకొండు నిమిషాలు బండరాయిలా ఉండి, ఒక్కసారి నిండుతుంది. అది ఎవరూ మర్చిపోరు. మీరు చూడలేదు. నిమిషానికో పరీక్ష అని లెక్కగట్టి రాసుకున్నారు. ఎక్కడున్నారు మీరు?"

"డైరీ... సుమారుగా రాశాను," అన్నాడు మేనేజర్. "గడియారం కాస్త..."

"కంగారు పడకండి. ఇంకా అయిపోలేదు."

పదీ నలభై ఆరు. స్క్రీన్ మళ్ళీ గుప్పున నిండింది. ఆఖరి లైన్ దగ్గర ఆగింది.

నలభై ఏడో పరీక్ష. తలుపు మూ

చీఫ్ ఒకసారి స్క్రీన్‌నీ, ఒకసారి కాగితాన్నీ చూశాడు. అదే పరీక్ష. అదే మాట. అదే అక్షరం.

"ఆగిపోయింది!" అరిచాడు. "చూశారా, నేను చెప్పలా? అక్కడే ఇరుక్కుపోతుంది!"

ప్రూఫు మేడమ్ కిటికీ వైపు చెయ్యి చూపింది.

అద్దం అవతల లిఫ్ట్ కదులుతోంది. ఎక్కింది, ఆగింది, తలుపు తెరిచింది, మూసింది.

"నలభై ఎనిమిది," అంది టెస్టర్. ఆమె గొంతులో మూడు రోజుల తర్వాత మొదటిసారి ప్రాణం వినిపించింది. కిటికీ అద్దానికి అరచేతులు ఆనించి నిలబడింది. "నలభై తొమ్మిది... యాభై..."

అత్తగారు వెళ్ళి కోడలి పక్కన నిలబడింది. యాభై ఒకటి నుంచి ఇద్దరూ కలిసి లెక్కపెట్టారు. యాభై నాలుగు దగ్గర చీఫ్ పెదాలు కూడా కదిలాయి.

పదీ యాభై అయిదు. లిఫ్ట్ ఆగింది. కింద ఆకుపచ్చ దీపం వెలిగింది.

స్క్రీన్ మీద మాత్రం ఇంకా 'తలుపు మూ'.

"స్క్రిప్టు ఇప్పుడేం చేస్తోందమ్మా?"

"లాక్ పట్టుకుని ఎదురుచూస్తోందండి. నేను బటన్ నొక్కేదాకా అది ముగియదు. చివరి ఎనిమిది పరీక్షలూ, లాక్ అయిందన్న లైనూ దాని కడుపులోనే ఉన్నాయి."

"చీఫ్‌గారూ, ఒక్క పని. మీరే పైకి వెళ్ళి, మీ చేత్తోనే ఆ ప్లగ్గు పీకండి. ఇంకెవరు పీకినా మీరు నమ్మరు."

అతను వెళ్ళాడు. అయిదు నిమిషాల తర్వాత కింద ఆకుపచ్చ దీపం ఆరిపోయింది. స్క్రీన్ మీద ఒక్క అక్షరం కూడా పెరగలేదు. చీఫ్ దిగి వచ్చి, ఇప్పుడే అచ్చు తీసిన ఆరు కాగితాలను పాత ఆరు కాగితాల మీద పెట్టి, కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. తారీఖు తప్ప అన్నీ కలిసిపోయాయి. సగం మాట సగం మాట మీద అచ్చంగా కూర్చుంది.

అతను తన రిపోర్టు తీసి, నిలువునా చింపేశాడు.

"అమ్మా," అన్నాడు టెస్టర్‌తో, "తప్పు నాది."

తర్వాత మేనేజర్ సొరుగు లాగాడు. తాళంచెవి ఉంది. దాని రింగుకి గ్రీజు అంటుకుని ఉంది. "మోకాలి నొప్పి వల్ల ఆరు నెలలుగా పైకి ఎక్కలేదని నాతో చెప్పారు కదండీ? మరి ఈ మోటారు గ్రీజు ఎక్కడిది?"

మేనేజర్ గోడకి ఆనుకుని కిందికి జారిపోయాడు.

"చంపాలనుకోలేదు," అన్నాడు గొణుగుతూ. "ఆ మెకానిక్ బ్రేకు పట్టీలు నాసిరకం అన్నాడు. పాస్ చేయనన్నాడు. పై ఆఫీసుకి ఉత్తరం రాస్తానన్నాడు. అప్పటికే అవి వేసిన లిఫ్టులు బయటికి వెళ్ళిపోయాయి. కాస్త భయపెడదామని... ముందే పైకెక్కి కూర్చున్నాను. వాడి టోపీ గుంతలోకి దిగడం చూసి..."

"ఎన్ని లిఫ్టులు?"

"పంతొమ్మిది."

అతని కళ్ళు గోడ గడియారం మీదికి వెళ్ళి, చప్పున కిందికి దిగాయి. పదకొండూ పన్నెండు. ప్రూఫు మేడమ్ ఆ చూపును చదివింది.

"గడియారం ఎందుకు చూశారు?"

అతను మోకాళ్ళ మధ్య తల దాచుకున్నాడు.

"ఇంకాసేపట్లో ఏం జరగబోతోంది?" ఆమె గొంతు మొదటిసారి హెచ్చింది.

టెస్టర్ ముఖం తెల్లబోయింది. "మెకానిక్‌గారి ఆపరేషన్! వాళ్ళావిడ పొద్దున ఫోన్లో చెప్పింది, నేను మేనేజరుగారికీ చెప్పాను. పదకొండుంపావుకి నాలుగో అంతస్తుకి తీసుకెళ్తారట. ఆ ఆసుపత్రిలో కొత్త లిఫ్ట్... మనదే!"

చీఫ్ అప్పటికే ఫోన్ తీశాడు. ఆసుపత్రి గేటు దగ్గర కాపలా కాసేవాడు ఒకప్పుడు అతని కింద పనిచేసిన కానిస్టేబులే. ఫోన్ కలిసింది.

"ఒరేయ్, నేను! కొత్త లిఫ్ట్ దగ్గరికి పరిగెత్తు! ఎవర్నీ ఎక్కనివ్వకు!"

ఫోన్లో అడుగుల చప్పుడు. రొప్పు. "సార్, స్ట్రెచర్ సగం లోపల పెట్టారు సార్!"

"బయటికి లాగు!" చీఫ్ అరుపుకి కిటికీ అద్దాలు అదిరాయి. "డాక్టరైనా సరే, ఎవరైనా సరే, నా పేరు చెప్పి లాగు!"

చక్రాలు కీచుమన్న శబ్దం. ఒక ఆడమనిషి కేక. ఎవరో తిట్టారు. ఆ తర్వాత, ఫోన్లోంచి, లోహం లోహాన్ని గీరుతున్న పొడవాటి చప్పుడు, ఎక్కడో పైన పెద్ద దెబ్బ.

"సార్..." అన్నాడు కాపలావాడు. "ఖాళీ లిఫ్ట్ సార్... తలుపులు తెరుచుకునే ఉన్నాయి... పైకి దూసుకెళ్ళి కప్పుకి గుద్దుకుంది."

"స్ట్రెచర్?"

"నా చేతిలోనే ఉంది సార్. మనిషి క్షేమం. వాళ్ళావిడ నా చెయ్యి వదలట్లేదు."

అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. చీఫ్ కుర్చీలో కూలబడ్డాడు. "పైకెందుకు పోయింది?" అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు.

"ఖాళీ లిఫ్ట్ కన్నా అవతల వేలాడే ఇనుప దిమ్మ బరువెక్కువ," అంది టెస్టర్. "బ్రేకు పట్టకపోతే దిమ్మ కిందికి, లిఫ్ట్ పైకి." ఆమె అప్పటికే మేనేజర్ బీరువా తెరిచి, సరఫరా జాబితా బయటికి లాగింది. కుర్చీ జరుపుకుని, జాబితా మీద వేలు పెట్టింది.

"ఇంకా పద్దెనిమిది ఉన్నాయి," అంది. "ఇప్పుడు పగలు. అన్నిట్లోనూ జనం ఉంటారు. చీఫ్‌గారూ, నేను చదువుతాను, మీరు ఫోన్లు చేయండి."

చీఫ్ లేచి, ఆమె పక్కన నిలబడ్డాడు.

"చెప్పమ్మా," అన్నాడు. "మొదటిది ఎక్కడ?"